చెరువు చేప ఇంటికొస్తే: కడిగేది ఎట్టా, పులుసు పెట్టేది ఎట్టా

నెల్లూరు చేపల పులుసు అనంగానే అందరూ చింతపండు ఎంత, మామిడికాయ ఎప్పుడెయ్యాల, మెంతిపొడి ఎంతెయ్యాల అని అడుగుతారు. నన్నడిగితే మటుకు, చెరువులోనో ఏట్లోనో అప్పుడే పట్టిన చేపకి సగం కూర పొయ్యెక్కక ముందే అయిపోతాది, కడిగే దగ్గర. మాది సంగం దగ్గర పల్లె, పెన్నలో వలేస్తే చేప గంటలో ఇంట్లో ఉంటాది, అంత తాజా చేప కూడా సరిగ్గా కడక్కపోతే బురద వాసనొచ్చి పిల్లోళ్ళు పళ్ళెం నెట్టేస్తారు. సముద్రం చేపకి ఈ బాధ లేదు. అందుకే పులుసు కంటే ముందు కడిగే సంగతే ఎక్కువ రాస్తా, ఓపిగ్గా చదవండి.

ఆ బురద వాసన యాడ నుంచొస్తాదంటే, చెరువు నీళ్ళలో నాచు, అడుగు మట్టిలో ఉండే సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి, అది చేప చర్మంలో, కొవ్వులో పట్టేస్తాది. తొలివాన పడంగానే మట్టి వాసనొస్తాది చూడండి, అది కూడా దీనిదే. వానకైతే బాగుంటాది గానీ కూరలో ఎవరికి బాగుంటాది చెప్పండి. దీనికి విరుగుడు పులుపు. పులుపు తగిల్తే జియోస్మిన్ విరిగిపోతాది, అందుకే మన పెద్దోళ్ళు చెరువు చేపని మజ్జిగేసి, చింతపండు పిప్పితో రుద్ది కడిగేది. కారణం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, చేతికి తెలుసు అంతే.

చేప పట్టిన చోటే జాగర్త మొదలవ్వాల. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు ఎక్కువ చేపలు పడతాయి, మన ఎండలకి బకెట్లో నీళ్ళు పోసి చేపల్ని అట్టనే ఉంచితే నీళ్ళు కాగిపోయి చేప చచ్చిపోయి పొట్ట మెత్తబడిపోతాది. ఐస్ దొరికితే ఐస్, లేకపోతే తడి గోనెపట్టా కప్పి నీడన పెట్టి తొందరగా తెచ్చెయ్యండి. కొరమీను మటుకు వేరే రకం, అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, తడిగా ఉంటే చాలు గంటలకొద్దీ బతికుంటాది. బతికున్న కొరమీను దొరికితే తొట్టిలో మంచినీళ్ళు పోసి, రోజూ నీళ్ళు మారుస్తా రెండు మూడు రోజులు ఉంచి కోసుకుంటే బురద వాసన బాగా తగ్గిపోతాది, పైన బరువైన మూత పెట్టండి, ఎగిరి బయట పడతాది అది.

కొనేటప్పుడు మొప్పలు ఎత్తి చూడండి ఎర్రగా ఉండాయా అని, కన్ను లోపలికి పోకుండా తేటగా ఉండాల, వేలితో నొక్కితే గుంట పడకుండా మళ్ళీ పైకి రావాల.

ఇంక కోసేది. పొలుసున్న చేప అయితే, అంటే శీలావతి, బొచ్చె, జిలేబీ లాంటివి, తోక దగ్గర్నుంచి తలకాయ వైపుకి గీకండి, నీళ్ళలో ముంచి గీకితే పొలుసు ఇల్లంతా ఎగరదు. కొరమీను, బొమ్మిడాయి లాంటి జిగురు చేపల్ని కట్టెల పొయ్యి బూడిదుంటే బూడిదతో, లేకపోతే గల్లుప్పుతో గరుకు బండ మీద వేసి జిగురంతా పోయేదాకా రుద్దాల. ఇంగిలాయి లాంటి మీసాల చేపలకి రెక్కల దగ్గర ముల్లుంటాది, గుచ్చుకుంటే బాగా మంట, ముందు ఆ ముళ్ళు కత్తిరించేసి తర్వాతే చేత్తో పట్టుకోండి. పొరపాటున గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టండి, నొప్పి తగ్గుతాది.

పొట్ట కోసేటప్పుడు కత్తి లోతుగా దించొద్దు. కార్జం పక్కన ఆకుపచ్చగా చిన్న తిత్తి ఉంటాది, అదే చేదు తిత్తి. నాకు పెళ్ళయిన కొత్తల్లో కత్తిపీట మీద రెండు కేజీల బొచ్చె కోస్తా తొందర్లో ఆ తిత్తి చించేశా, పైపైన నీళ్ళు పోసి కడిగేసి పులుసు పెట్టా, దాక మొత్తం చేదు, మా అత్త ఒక్క మాట కూడా అనకుండా తినింది, నాకు మటుకు ఆ రాత్రి నిద్ర పట్టలా. తిత్తి పగిలితే ఆ పచ్చగా అంటుకున్న కండని కోసి పారెయ్యాల, మిగతాది ఉప్పేసి రుద్ది కడగాల, అంతే దారి. ఇంకో ముఖ్యమైన మాట, కొంతమంది షుగర్ తగ్గుతాదని, ఆయాసం పోతాదని ఆ చేదు తిత్తిని పచ్చిగా మింగుతారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. శీలావతి, బొచ్చె, గడ్డి చేప జాతి చేపల పిత్తంలో కిడ్నీల్ని దెబ్బతీసే విషం ఉంటాది, మింగి కిడ్నీలు పాడై డయాలసిస్ దాకా పోయినోళ్ళ కేసులు మన దేశంలోనే డాక్టర్లు రాసిపెట్టుండారు. ఉడికించినా ఆ విషం పోదు.

లోపలంతా తీసేశాక కూడా పని అవలా. వెన్నుముల్లు వెంబడి నల్లగా గడ్డకట్టిన నెత్తురు గీత ఉంటాది, బొటనేలితోనో స్పూనుతోనో గీకి తియ్యండి. జిలేబీకి పొట్ట లోపల నల్ల పొర ఉంటాది, అది కూడా గీకెయ్యాల, చాలామంది దాన్ని వదిలేసి జిలేబీ వాసనొస్తాదని తిడతారు. తలకాయ వండుకునేట్టయితే మొప్పలు పూర్తిగా పీకెయ్యండి, నీచంతా అక్కడే. అప్పుడు ముక్కలు కోసి గల్లుప్పు, పసుపు, ఒక గ్లాసు పుల్ల మజ్జిగ పోసి పిసికి పది నిమిషాలుంచి కడగండి, ఇట్టా రెండు మూడు సార్లు, నీళ్ళు తేటగా వచ్చేదాకా. మజ్జిగ లేకపోతే నిమ్మకాయ. ఊరికే నీళ్ళలో నానబెట్టి మటుకు వదిలెయ్యొద్దు, ముక్క చప్పబడిపోతాది. కడిగినాక నీళ్ళు వడగట్టి ఉప్పు, పసుపు, రవ్వంత కారం పట్టించి అరగంట పక్కన పెట్టండి.

పులుసుకి ఒక కేజీ ముక్కల లెక్క చెప్తా. పెద్ద నిమ్మకాయంత పాత చింతపండు నానబెట్టి చిక్కగా రసం తీసుకోండి. అర స్పూను మెంతులు, స్పూను జీలకర్ర, రెండు స్పూన్ల ధనియాలు సన్న సెగ మీద విడివిడిగా వేయించి పొడి కొట్టండి, మెంతులు మాడితే చేదు, ఎర్రబడంగానే దించాల. వెడల్పాటి మట్టి దాకలో నూనె ధారాళంగా పొయ్యండి, చేపల పులుసుకి నూనె దగ్గర లోభించకూడదు, అర కప్పు దాకా పడతాది. ఆవాలు, ఎండుమిరపకాయలు, కరేపాకు, చితక్కొట్టిన ఎల్లిపాయలు ఒక పది, సన్నంగా తరిగిన ఎర్రగడ్డలు మూడు, చీల్చిన పచ్చిమిరపకాయలు ఐదారు, ఎర్రగడ్డ బాగా మగ్గాక రెండు టమేటాలు. టమేటా గుజ్జయి నూనె పైకి తేలినాక మూడు స్పూన్ల కారం, పసుపు, ఉప్పు వేసి ఒక నిమిషం తిప్పి చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్ళు పోసి పదిహేను నిమిషాలు బాగా మరగనియ్యండి. పచ్చి పులుపు వాసన పోయి పులుసు రవ్వంత చిక్కబడినాకే చేప ముక్కలు, ముందే వేస్తే పులుసు కాగేలోపల ముక్క విరిగిపోతాది.

ముక్కలు ఒక్కోటి పక్క పక్కన పరిచినట్టు వెయ్యండి, తలకాయ అడుగున. ఇంక అక్కడ్నుంచి గరిటె ముట్టుకోవద్దు. గుడ్డతో దాక అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పినట్టు కదపాల, అంతే. ఐదు నిమిషాలయ్యాక పుల్ల మామిడికాయ ముక్కలు చెక్కుతోనే వేసి, ఇంకో ఏడెనిమిది నిమిషాలు సన్న సెగ మీద. బొమ్మిడాయి అయితే ఇంకా తొందరగా ఉడుకుతాది, కొరమీను గట్టి కండ కాబట్టి రెండు నిమిషాలు ఎక్కువ పెట్టొచ్చు. ముల్లు దగ్గర కండ తెల్లగా అయి ముల్లు నుంచి విడిపోతా ఉంటే ఉడికినట్టు. ఏటి చేపని సగం ఉడికి దించొద్దు, కొన్నిట్లో పురుగులుంటాయి, పూర్తిగా ఉడకాల్సిందే. చివర్లో వేయించిన పొడి చల్లి, కొత్తిమీరేసి, మూత పెట్టి పొయ్యి ఆపెయ్యండి.

వెంటనే తినొద్దు, ఇది నా గట్టి మాట. పొద్దున పెడితే రాత్రికి, రాత్రి పెడితే పొద్దునకి. ముక్కలోకి పులుపు, ఉప్పు దిగడానికి ఆ టైం కావాల, మిగిలిన నీచు కూడా ఆ పులుపులోనే పోతాది. మా అమ్మ రాత్రి దాకని వంటింటి మూల చల్లటి బండ మీద పెట్టేది, ఇప్పుడు మే నెల ఎండలకి అట్టా నమ్మలేం, చల్లారినాక ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, పొద్దున మళ్ళీ ఒక పొంగు రానిచ్చి తినండి.

వలలో పడే చిన్న పరిగెలకి పులుసు దండగ, వాటిని బాగా కడిగి కారం, ఉప్పు, నిమ్మరసం, రవ్వంత బియ్యప్పిండి పట్టించి కరకరలాడేదాకా వేయించండి, ముల్లుతో సహా నమిలెయ్యొచ్చు.

శీలావతికి, బొచ్చెకి కండలో వై ఆకారంలో సన్న ముళ్ళుంటాయి, పిల్లోళ్ళకి పెట్టేటప్పుడు తోక వైపు ముక్క వద్దు, పొట్ట వైపు ముక్క పెట్టండి, ఆడ పెద్ద ముళ్ళే ఉంటాయి, కంటికి కనపడతాయి. మా ఇంట్లో పొద్దున పూట దోసె వేడిగా దించి, దాని మీద రాత్రి పులుసు రెండు గరిటెలు పోసుకుని, దాక అడుగున మిగిలిన మామిడి ముక్క కోసం పిల్లోళ్ళిద్దరూ పోట్లాడుకుంటారు, అందుకే ఇప్పుడు రెండు కాయలేస్తా ఉండా.