ఇంటి హీటింగ్‌లో హైడ్రోజన్, సహజవాయువు: సమస్య - పరిష్కారం

హీటింగ్ బాయిలర్ సహజవాయువుతో నడిచినా హైడ్రోజన్‌తో నడిచినా, లీకైతే ప్రమాదమే. కానీ రెండింటి స్వభావం ఒకటి కాదు. ఒకదానికి అలవాటు పడినవాళ్లు రెండోదాని దగ్గర పొరపాటు చేసేది ఇక్కడే.

సమస్య: గదిలో గ్యాస్ వాసన

కారణం: వదులైన జాయింటో, సరిగ్గా మూసుకోని వాల్వో. ఈ రెండు వాయువులకూ సొంత వాసన లేదు. మన ముక్కుకు తగిలేది లీకు తెలియడం కోసం కలిపిన గంధక పదార్థం వాసన.

సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. గాలిలో అది 5 నుంచి 15 శాతం ఉంటే అంటుకుంటుంది. హైడ్రోజన్‌కి ఆ హద్దు 4 నుంచి 75 శాతం. రెండింటి కనిష్ఠ హద్దులు, 5, 4, దగ్గరదగ్గరగా ఉన్నాయి చూడండి. చిన్న లీకుల్లో తేడా పెద్దగా లేనిది అందుకే. గది నిండేకొద్దీ కథ మారుతుంది. హైడ్రోజన్ మంట ఏడెనిమిది రెట్లు వేగంగా పాకుతుంది, పేలుడు దెబ్బ కూడా గట్టిగా ఉంటుంది.

హైడ్రోజన్ అంటుకోవడానికి 0.02 మిల్లీజౌళ్ల శక్తి చాలని, మీథేన్‌కి 0.28 కావాలని చదివి చాలామంది టెన్షన్ పడతారు. ఇంట్లో ఆ తేడాకి అంత విలువ లేదని నా అభిప్రాయం. లైటు స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ రెండింటినీ అంటించగలదు.

పరిష్కారం: స్విచ్ వేయొద్దు, ఆర్పొద్దు కూడా. అందుబాటులో ఉంటే మెయిన్ వాల్వ్ మూసేయండి. తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి రండి. ఫోన్ బయటికొచ్చాకే చేయండి.

శాశ్వత పరిష్కారం వేరే ఉంది. హైడ్రోజన్ గాలికన్నా 14 రెట్లు తేలిక, పైకప్పు కిందకి చేరుతుంది. కాబట్టి మూయడానికి వీల్లేని వెంట్ పైకప్పుకి దగ్గరగా ఉండాలి. పైపులో ప్రవాహం ఒక్కసారిగా పెరిగితే దానంతటదే మూసుకునే వాల్వ్ కూడా కావాలి. ఇది ఎంత ముఖ్యమో ఇళ్లలో హైడ్రోజన్ వాడకాన్ని పరిశీలించిన బ్రిటన్‌లోని హై4హీట్ కార్యక్రమం 2021లో లెక్కగట్టింది. లీకు ప్రమాదాల్లో ఏడాదికి గాయపడేవాళ్లు సహజవాయువుతో 17 మంది, అదనపు రక్షణ లేని హైడ్రోజన్‌తో 65 మంది, అలాంటి వాల్వులు రెండు పెడితే 16 మంది అని అంచనా. హైడ్రోజన్ సురక్షితమా అని అడిగేవాళ్లు ముందు ఆ వాల్వులు ఉన్నాయా అని అడగాలి.

సమస్య: మంట కనబడదు, వేడి మాత్రం తగులుతోంది

కారణం: హైడ్రోజన్ మంట పగటి వెలుతురులో దాదాపు కనబడదు. మీథేన్ నీలి మంటకి అలవాటైన కన్ను మోసపోతుంది.

పరిష్కారం: చెయ్యి పెట్టి వెతకొద్దు, దూరం జరగండి. మంటని ఆర్పడం కాదు, ముందు గ్యాస్ ఆపాలి. గ్యాస్ ఆగకుండా మంట ఆరితే, కాలని వాయువు గదిలో పోగవుతుంది.

సమస్య: బర్నర్ వెలిగేటప్పుడు టప్పుమని చప్పుడు

కారణం: మంట వెనక్కి బర్నర్ లోపలికి పోయి ఉండొచ్చు. మంట వేగం ఎక్కువ కాబట్టి హైడ్రోజన్‌తో ఇది తేలిగ్గా జరుగుతుంది.

పరిష్కారం: బాయిలర్ ఆపి టెక్నీషియన్‌ని పిలవండి. మామూలు గ్యాస్ బర్నర్‌కి నూరు శాతం హైడ్రోజన్ ఇవ్వకూడదు. సహజవాయువులో 20 శాతం దాకా హైడ్రోజన్ కలిపిన మిశ్రమం సంగతి వేరు. బ్రిటన్‌లో కీల్ విశ్వవిద్యాలయం ఆవరణలో అప్పటికే ఉన్న ఉపకరణాలతోనే అది నడిచింది.

సమస్య: కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతోంది

కారణం: సహజవాయువు ఇంట్లో అయితే మంట సరిగ్గా కాలడం లేదు, లేదా పొగగొట్టం మూసుకుపోయింది. తలనొప్పి, వికారం ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు. హైడ్రోజన్‌లో కార్బనే లేదు కాబట్టి కాలితే ఈ విషవాయువు పుట్టదు. ఈ ఒక్క విషయంలో హైడ్రోజన్‌దే స్పష్టంగా పైచేయి. అయితే ఈ అలారాల్లో వాడే సెన్సార్లు చాలావరకు హైడ్రోజన్‌కి కూడా స్పందిస్తాయి.

పరిష్కారం: హైడ్రోజన్ ఇంట్లో ఈ అలారం మోగితే తప్పుడు అలారం అని తీసిపారేయకండి. లీకు అనుకుని బయటికి రండి. మోగింది ఎందుకో టెక్నీషియన్ తేల్చేదాకా బాయిలర్ వెలిగించొద్దు.