పాత పింగాణీ – నాలుగో పాఠం: ముందు బోర్లించండి

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మట్టి ముంత, ఆవకాయ జాడీ, టీ కప్పు పక్కపక్కన పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి వినమన్నాను. ముంత 'డబ్' మంటుంది. జాడీ బరువుగా 'టక్' మంటుంది. మంచి పింగాణీ కప్పు మాత్రం 'టింగ్' మని కాసేపు మోగుతుంది. 1300 డిగ్రీల దరిదాపుల్లో కాలిన ఆ తెల్లమట్టి గాజులా బిగుసుకుపోతుంది కాబట్టి ఆ మోత. కప్పు కూడా 'డబ్' మందంటే ఎక్కడో చిట్లిందన్న మాట, కంటికి కనబడకపోయినా సరే. ఇంకా ఆ పని చేయని వాళ్ళు ఇక్కడే ఆగి, వంటింట్లోకి వెళ్ళి చేసి రండి. ఈ విద్య చదివితే రాదు.

ఈసారి వస్తువుని బోర్లిద్దాం.

కొత్తగా మోజు పడ్డ వాళ్ళంతా ముందు చూసేది బొమ్మ. డ్రాగన్ బాగుందా, పువ్వు బాగుందా అని. తర్వాత అడుగున ముద్ర చూస్తారు, చైనా అక్షరాలు కనబడగానే గుండె వేగం పెరుగుతుంది. నేనూ అంతే. పదిహేనేళ్ళ కిందట విజయవాడ వన్‌టౌన్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో నీలిరంగు పళ్ళెం ఒకటి కనబడింది. అడుగున ఎర్రటి చదరపు ముద్ర. ఫోన్‌లో వెతికితే చియెన్‌లుంగ్ చక్రవర్తి ముద్ర అని తేలింది. 1736 నుంచి 1795 దాకా ఏలినవాడు. ఇక ఆగుతానా! బేరం ఆడినట్టు నటించి 3,500 ఇచ్చి, పళ్ళేన్ని టవల్‌లో చుట్టుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఇంటికొచ్చి గోరువెచ్చటి నీళ్ళలో ముంచగానే రెండొందల ఏళ్ళ మురికి రెండు నిమిషాల్లో కరిగి టీ డికాక్షన్ రంగులో నీళ్ళలోకి దిగింది. వాసన చూస్తే నిజంగానే డికాక్షన్.

అప్పటినుంచి నాకో వరస అలవాటైంది. ముందు అడుగు చుట్టు, తర్వాత మట్టి, ఆ తర్వాత అరుగుదల, అన్నిటికన్నా చివర ముద్ర. ఈ వరస తప్పితే కన్ను తనకు కావాల్సిందే చూస్తుంది.

అడుగు చుట్టు అంటే కప్పు, గిన్నె, పళ్ళెం నేలకి ఆనే గుండ్రటి అంచు. పైన అంతా గ్లేజ్, అంటే గాజులాంటి మెరుపు పూత, పూసినా దీన్ని ఒట్టిగా వదిలేస్తారు, లేకపోతే బట్టీలో గ్లేజ్ కరిగి కింద ఉన్నదానికి అంటుకుపోతుంది. అందుకే వస్తువు ఒంటి మీద లోపలి మట్టి బయటపడే చోటు ఇదొక్కటే. బొమ్మ వేసినవాడు ఎంత నేర్పరైనా దీన్ని దాచలేడు. వేలితో చుట్టూ ఒకసారి తడిమి చూడండి. మిషన్ మీద అరగదీసిన కొత్త సరుకైతే ఎక్కడ ముట్టుకున్నా ఒకేలా నున్నగా ఉంటుంది. చేత్తో చెక్కింది కాస్త ఎగుడుదిగుడుగా తగులుతుంది. చైనాని ఏలిన మింగ్ వంశం కాలం చివర్లో ఎగుమతికి హడావుడిగా చేసిన పళ్ళాలకైతే బట్టీలో పరిచిన ఇసుక రేణువులు అడుగున అతుక్కుని ఉంటాయి. అది లోపం కాదు, ఆనవాలు.

ఇప్పుడు గ్లేజ్ ఆగిపోయి ఒట్టి మట్టి మొదలయ్యే గీత దగ్గర చూడండి. వాచీ మెకానిక్ కంటికి పెట్టుకునే భూతద్దం, పది రెట్లు పెద్దది చేసి చూపించేది, ఒకటి కొనుక్కోండి. ఈ విద్యలో మొదటి ఖర్చు అదే కావాలి, పళ్ళెం కాదు. పాత చైనా పింగాణీలో చాలాసార్లు ఆ గీత వెంట సన్నగా నారింజ రంగు జీర కనబడుతుంది. మట్టిలో ఉన్న కాస్త ఇనుము, బట్టీ చల్లబడేటప్పుడు గాలి తగిలి తుప్పు రంగు తేలుతుంది. అది ఒకచోట చిక్కగా, ఒకచోట అసలు లేకుండా ఉంటుంది. నకిలీ చేసేవాడు ఆ రంగుని కుంచెతో పూస్తాడు. పూసింది చుట్టూ ఒకే మందంలో, గోరింటాకు పెట్టినంత శ్రద్ధగా ఉంటుంది. ఆ శ్రద్ధ చూసే అనుమానించాలి.

జపాన్ సరుక్కి ఇంకో గుర్తు ఉంది. అక్కడి పింగాణీ ఊరు అరిటాలో చేసిన పెద్ద పళ్ళాలు బట్టీ వేడికి మధ్యలో కుంగకుండా కింద చిన్న చిన్న మొనలు ఆసరాగా పెట్టేవాళ్ళు. అవి ఊడదీశాక అడుగున దోమ కుట్టినట్టు మూడు నాలుగు చుక్కలు మిగులుతాయి. చైనా పళ్ళాల్లో ఈ చుక్కలు మామూలుగా ఉండవు. బొమ్మ చూసి చైనాదో జపాన్‌దో తేల్చుకోలేక తల పట్టుకున్నప్పుడు ఈ చుక్కలే తీర్పు చెబుతాయి. ఈ అరిటా సరుకునే ఇమారి రేవు నుంచి ఎక్కించేవాళ్ళు కాబట్టి ఇమారి అన్న పేరు వచ్చింది. దాన్ని యూరప్‌కి మోసింది మన బందరులో బట్టల వ్యాపారం చేసిన డచ్ కంపెనీయే.

అరుగుదల సంగతి మన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. అరవై ఏళ్ళు గచ్చు మీద జరిపిన జాడీ అడుగు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు. కొన్ని గీతలు పొడుగు, కొన్ని పొట్టి, ఒకటి అటు, ఒకటి ఇటు. పైకి పొడుచుకొచ్చిన చోట నున్నగా, పల్లంలో గరుగ్గా ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దిన అరుగుదల అలా ఉండదు, గీతలన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపు పోతాయి. నా 3,500 పళ్ళెం కూడా చక్కగా దువ్వుకుని ఉంది.

ఇక్కడ గుంటూరు అరండల్‌పేటలో మా పిన్ని ఇంట్లో జరిగింది చెప్పాలి. ఆవిడ దగ్గర ఒక 'రంగూన్ కప్పు' ఉంది. బూడిదరంగు ఒంటి మీద ఉబ్బెత్తుగా డ్రాగన్, దాని కళ్ళు నీలం చుక్కలు. టీ తాగేసి కప్పు ఎత్తి కిటికీ వెలుతురుకి పెడితే అడుగున ఒక ఆడమనిషి మొహం తేలుతుంది. మట్టిని కొన్ని చోట్ల పల్చగా, కొన్ని చోట్ల మందంగా పోస్తే వెలుతురే బొమ్మ గీస్తుంది. చిన్నప్పుడు ఆ మొహం చూడ్డానికి పిల్లలందరం కొట్టుకునేవాళ్ళం. 1942లో జపాన్ బాంబులకి భయపడి రంగూన్ నుంచి అడవుల్లో నడిచొచ్చిన తాతయ్య తెచ్చాడని మా ఇంట్లో కథ.

పోయిన సంక్రాంతికి దాని సాసర్ బోర్లించాను.

"ఒరేయ్, కడిగిందే రా, మళ్ళీ చూస్తావేంటి?" అంది పిన్ని.

అడుగున ఎర్రటి చిన్న అక్షరాలు, ఇంగ్లీషులో: మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్. యుద్ధంలో ఓడాక 1945 నుంచి 1952 దాకా జపాన్ అమెరికా సేనల అధీనంలో ఉంది. ఆ రోజుల్లో ఎగుమతి సరుకు మీద వేసిన ముద్ర అది. 1942లో నడిచొచ్చిన మనిషి జోలెలో అది ఉండే వీల్లేదు.

పిన్నికి చెబితే కాసేపు ఆలోచించి, "నాకూ అనుమానమేరా. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చేవాడు కప్పూసాసరూ మోసుకొస్తాడా?" అంది. మరి ఎవరు కొన్నారో, ఎక్కడ కొన్నారో ఇప్పుడు చెప్పేవాళ్ళెవరూ లేరు.

ముద్ర ఎలా వాడుకోవాలో ఈ సాసర్‌లోనే ఉంది. ముద్రలో ఉన్న కాలం కన్నా వస్తువు పాతది కాలేదు. కొత్తది మాత్రం ఎంతైనా కావచ్చు. చైనా ముద్రల విషయంలో ఈ రెండో ముక్కే మనల్ని ముంచుతుంది. ఆరు అక్షరాల ముద్రని కుడివైపు నిలువు వరసతో మొదలుపెట్టి, పైనుంచి కిందికి చదవాలి. మొదటి అక్షరం 'ద', అంటే గొప్ప. చేతులు చాపి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు. దాని కింద వంశం పేరు, మింగో చింగో. తర్వాతి రెండూ ఏలుబడి పేరు. చివరి రెండూ 'కాలంలో చేసినది' అని. చదవడం ఇంతే, ఒక పూటలో వచ్చేస్తుంది. నమ్మకూడదని నేర్చుకోవడానికి నాకు 3,500 పట్టింది.

కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1662–1722) చేసిన మంచి మంచి వస్తువుల మీద రెండొందల ఏళ్ళ కిందటి చక్రవర్తి చెంగ్‌హువా (1465–1487) పేరు రాసుకున్నారు. అది మోసమని అప్పటివాళ్ళు అనుకోలేదు, పాత పనితనం మీద గౌరవం. పైగా 1677లో, చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊరైన జింగ్‌దెజెన్ అధికారి ఒకాయన పింగాణీ మీద ఏలుతున్న చక్రవర్తి పేరు రాయొద్దని ఉత్తర్వు వేశాడు. పగిలితే పేరు కూడా చెత్తలో పడుతుందని ఆయన బాధ అని చెబుతారు. ఆ ఉత్తర్వు పుణ్యాన కొన్నిటి అడుగున రెండు నీలి వలయాలు మాత్రం ఉంటాయి, మధ్యలో ఖాళీ. నాకు ఆ ఖాళీ వలయాలంటే భలే ఇష్టం. ఆ తర్వాత 19వ శతాబ్దంలో, 20వ శతాబ్దంలో, నిన్న మొన్న కూడా కాంగ్‌షీ, చియెన్‌లుంగ్ పేర్లు వేస్తూనే ఉన్నారు. ప్రతి కారం ప్యాకెట్ మీదా 'అసలైన గుంటూరు మిర్చి' అని ఉన్నట్టే.

మధ్యలో ఒక హెచ్చరిక. అడుగు కనబడాలని చింతపండుతోనో, స్టీలు పీచుతోనో తోమకండి. ఇత్తడి బిందె కాదది. గ్లేజ్ పైన వేసిన రంగులూ, బంగారు గీతలూ పులుపుకీ గరుకుకీ లేచిపోతాయి. తడి దూది చాలు. ఇంకోటి, వందేళ్ళు దాటిన కళావస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అమ్మే వ్యాపారికి లైసెన్స్ ఉండాలి, సొంతంగా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపుదామని సరదా పడేవాళ్ళు ముందు ఆ సంగతి చూసుకోండి.

ఈ వారం పని. ఇంట్లో, చుట్టాల ఇళ్ళలో మూడు పింగాణీ వస్తువులు తీసుకోండి. మన దేశంలో చేసిన ఆవకాయ జాడీ ఒకటి తప్పకుండా ఉండాలి, పోల్చుకోడానికి. మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి బోర్లించండి. ముద్ర ఉంటే దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి మూసేయండి. టేపు అంటించొద్దు, రంగు లేచొస్తుంది. నోట్‌బుక్‌లో అడుగు చుట్టు గురించి రెండు వాక్యాలు, మట్టి రంగు గురించి ఒకటి, గీతలు ఎటు పోతున్నాయో ఒకటి రాయండి. వయసు ఎంతుంటుందో మీ అంచనా వేసి, దాని కింద గీత గీయండి. అప్పుడు బిళ్ళ తీయండి. అంచనాకీ ముద్రకీ పొసగకపోతే కొట్టేయకుండా రెండూ ఉంచండి, ఆరో పాఠంలో వాటితో పని ఉంది. హైదరాబాద్ వెళ్ళే పని ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్ గదులకి రెండు గంటలు కేటాయించండి. అక్కడ అడుగులు చూపించరు, కానీ నీలం రంగులో ఎన్ని నీలాలుంటాయో తెలుస్తుంది.

వచ్చే పాఠం చిట్లిన వాటి గురించి, అతికి రంగేసిన వాటి గురించి. ఒక టార్చిలైటు సిద్ధంగా పెట్టుకోండి. బోర్లించి చూసేటప్పుడు మాత్రం చిన్నపిల్లల్ని పక్క గదిలో ఉంచండి. మూడో పాఠం రాస్తుండగా మా ఇంట్లో ఒక కప్పు తగ్గింది.