పాఠం 3: రెండో జనరేటర్‌ని ఎప్పుడు ఆపాలి?

కిందటి పాఠంలో మూడు డేరాలకు విడివిడిగా ఉన్న మూడు 30 కిలోవాట్ల జనరేటర్లని ఒకే లైనుకి కలిపాం కదా. ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఏది తిరగాలి, ఏది ఆగాలి, ఆ మాట కంట్రోలర్‌కి మనం ఎలా చెప్పాలి?

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా పర్లాకిమిడి వైపు కరెంటు పోయినప్పుడు నేను ఒక సహాయ శిబిరంలో జనరేటర్లు చూసుకునేవాణ్ణి. చెట్లు పడి దారులు మూసుకుపోతే డీజిల్ డబ్బాలు కొంత దూరం బండి మీద, కొంత దూరం భుజాన మోసుకొచ్చేవాళ్ళు, అంత కష్టపడి తెచ్చినదాన్ని మూడు జనరేటర్లూ దాదాపు ఖాళీగా తిరుగుతూ తాగేశాయి. నాలుగో రోజుకి ఒకదాని సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు కారింది. లోడు (జనరేటర్ మీద పడే కరెంటు వాడకం) చాలకపోతే ఇంజన్ సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, కాలనిది అలా బయటికొస్తుంది. దీన్నే వెట్ స్టాకింగ్ అంటారు. 30 శాతం లోపు లోడు మీద గంటల తరబడి నడపొద్దనేది అందుకే.

సైన్యంలో అయితే డీజిల్ మొయ్యడమే ప్రాణాల మీదికొస్తుంది. 2007లో అఫ్గానిస్తాన్‌లో ఇంధనం మోసే ప్రతి 24 కాన్వాయ్‌లకి ఒకరు చనిపోవడమో గాయపడడమో జరిగిందని అమెరికా సైన్యం అధ్యయనం 2009లో లెక్కకట్టింది. అది చదివాక లీటరు డీజిల్ ఆదా అంటే నాకు డబ్బు లెక్కలా అనిపించడం మానేసింది.

లెక్క కోసం, ఇంజన్ ఉత్తినే తిరగడానికి గంటకు 2 లీటర్లు, ఆపైన ప్రతి కిలోవాట్‌కి పావు లీటరు అనుకుందాం. శిబిరం మొత్తం లోడు 19 కిలోవాట్లు. మూడూ తిరిగితే 10.75 లీటర్లు, ఒక్కటే తిరిగితే 6.75. గంటకి 4 లీటర్లు, రోజుకి 96.

ఇక రూలు. మొదటి జనరేటర్ మీద లోడు 80 శాతం, అంటే 24 కిలోవాట్లు దాటి అర నిమిషం నిలిస్తే రెండోది స్టార్ట్ చెయ్యాలి. ఆపడం మాత్రం 24 దగ్గర కాదు! అక్కడే ఆపితే నీళ్ళ మోటారు వేసి ఆపినప్పుడల్లా ఇంజన్ కూడా లేస్తూ పడుకుంటూ ఉంటుంది, స్టార్టర్ బ్యాటరీ పోతుంది. మొత్తం లోడు 18కి తగ్గాకే ఆపండి, ఎందుకంటే రెండూ పంచుకుంటే ఒక్కోదానికి 9, అంటే సరిగ్గా 30 శాతం. స్టార్టయ్యాక కనీసం పదిహేను నిమిషాలు తిరగనివ్వండి.

మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కొన్ని సెకన్ల పాటు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. దానికోసం ఇంకో ఇంజన్ లేపక్కర్లేదు, బ్యాటరీ, ఇన్వర్టర్ ఉంటే ఆ దెబ్బ అవి కాచుకుంటాయి. బ్యాటరీ కూడా అడుగంటితే ముందు ఏసీలు తీసెయ్యాలి, తర్వాత ఫ్రిజ్‌లు (మూత తియ్యకపోతే కాసేపు చల్లగానే ఉంటాయి), వైర్‌లెస్ సెట్లు, వైద్యం డేరా అన్నిటికన్నా చివర. మందుల ఫ్రిజ్ వైద్యం డేరా కిందే లెక్క.

మీ వంతు: ఉదయం 5కి 9 కిలోవాట్లు, 7కి 26, 10కి 20, మధ్యాహ్నం 17, సాయంత్రం 6కి 23. రెండో జనరేటర్ ఏ ఏ వేళల్లో తిరుగుతుందో కాగితం మీద రాయండి. 10 గంటలకీ సాయంత్రానికీ జవాబు ఒకటేనా, ఎందుకని? అది తేలాకే నాలుగో పాఠం తెరవండి.