చేతితో చేసిన కొత్త జపాన్ కత్తుల సేకరణ – 4వ పాఠం: పిడి విప్పి చదవడం

కిందటి పాఠంలో ఒకే బల్బు వెలుగులో కత్తిని మెల్లగా అటూ ఇటూ వాలుస్తూ హమోన్ చూడటం నేర్చుకున్నాం. వాదర వెంట పొగమంచులా సాగే ఆ తెల్లని గీత ఒకసారి కంటపడితే చూపు తిప్పుకోలేం. కత్తి కొనడానికి వెళ్లినప్పుడు మాత్రం దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ముందు చూడాల్సింది పిడి లోపల ఉంటుంది.

కొడవలికి పిడిలోకి దిగే తోక ఉంటుంది కదా, జపాన్ కత్తికీ అలాంటిదే ఉంటుంది. దాన్ని నకాగో అంటారు. కమ్మరి తన పేరు, ఊరు, తేదీ ఉలితో చెక్కేది దాని మీదే. పైన కనిపించే కత్తిని తోగిషి, అంటే సానపట్టే నిపుణుడు, రకరకాల రాళ్ల మీద రుద్ది మెరుపు తెస్తాడు. ఒర చేసేది ఒకరు, కత్తి మొదట్లో తొడిగే హబాకి అనే లోహపు పట్టీ చేసేది ఇంకొకరు. కమ్మరి వదిలిన చోట వదిలినట్టే, ఇంకెవరి పనితనమూ కలవకుండా మిగిలేది నకాగో ఒక్కటే.

నాకు ఇది తెలిసొచ్చింది టోక్యోలో ఒక చిన్న కత్తుల షాపులో. పదిహేను నిమిషాలు హమోన్ చూస్తూ కూర్చున్నాను. షాపు పెద్దాయన ఏమీ అనకుండా కత్తి నా చేతిలోంచి తీసుకుని, పిడి ఊడదీసి, నకాగో నా వైపు తిప్పి మళ్లీ ఇచ్చారు. మీద ఏం రాసుందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ రాత్రే అంకెలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. మీరూ ఇవాళ అక్కడి నుంచే మొదలుపెడతారు.

పిడి విప్పడం

షాపులో అయితే ముందు అడగండి, చాలామంది వాళ్లే విప్పి చూపిస్తారు. సొంత కత్తి అయితే ఇలా చేయండి. పిడిలో అడ్డంగా ఒక వెదురు చీల ఉంటుంది, దాని పేరు మెకుగి. దాని ఒక కొస సన్నం, ఒక కొస లావు. సన్నటి వైపు నుంచి చిన్న ఇత్తడి సుత్తితో తోస్తే లావు వైపు బయటికి వస్తుంది. కత్తిని ఒరలోంచి తీసి, ఎడమ చేత్తో పిడి చివర గట్టిగా పట్టుకుని, మొన పైకి ఉండేలా కొంచెం వాల్చి నిలబెట్టండి. కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద మెల్లగా కొట్టండి. రెండు మూడు దెబ్బలకు నకాగో వదులవుతుంది. మొదటి దెబ్బ ఎప్పుడూ చాలా చిన్నగా ఉండాలి. పిడి వదులుగా ఉంటే గట్టి దెబ్బకు కత్తి ఎగిరి పడుతుంది.

చేతులు కడిగి, పొడిగా తుడుచుకుని మొదలుపెట్టండి. నా మొదటి కత్తి కొన్న కొత్తలో చెమట చేత్తో నకాగో పట్టుకున్నాను. రెండు వారాల తర్వాత తీసి చూస్తే నా బొటనవేలి ముద్ర గోధుమరంగు తుప్పుగా దిగి ఉంది. వేలి గీతలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది. నకాగో మీద తుప్పు గీకకూడదు, రుద్దకూడదు, పాలిష్ అసలే చేయకూడదు. వందల ఏళ్ల నాటి కత్తుల వయసును ఆ తుప్పు రంగును బట్టే అంచనా వేస్తారు. ఇవాళ్టి కొత్త కత్తికీ ఆ లెక్క ఇవాళే మొదలైంది.

రంగు, గీతలు

ఈ మధ్య చేసిన కత్తి నకాగో వెండి బూడిద రంగులో ఉంటుంది. ఆకురాయి గీతలు నిన్న గీసినంత పదునుగా కనిపిస్తాయి. పిడిలోంచి జారకుండా పట్టు కోసం పెట్టిన గీతలే అవి, కానీ ఏ వాలులో పెట్టాలన్నది ఒక్కో సంప్రదాయానిది ఒక్కో తీరు. కొందరు అడ్డంగా పెడతారు, కొందరు బాగా ఏటవాలుగా, కొందరు డేగ ఈకలా రెండు వైపులా వాలుగా. గీతల మధ్య దూరం సమంగా ఉందా, అంచు దాకా ఒకే తీరుగా సాగాయా చూడండి. ఎవరూ చూడని చోట కూడా చెయ్యి జారని కమ్మరి అయితే నాకు నమ్మకం కుదురుతుంది. తేదీ ఐదేళ్ల కిందటిదై, నకాగో మాత్రం గుంటలు పడి నల్లబడి ఉంటే ఎందుకని అడగండి.

ఇప్పుడు హబాకిని కూడా నకాగో మీదుగా జారదీసి, వాదర మొదలయ్యే చోటు చూడండి. చూడటమే, వేలితో తాకొద్దు. కొత్త కత్తికి అక్కడ కొద్ది మేర పదును పెట్టకుండా మొద్దుగా వదిలేస్తారు. దాన్ని ఉబుబా అంటారు. సాన పట్టిన ప్రతిసారీ కొంచెం కొంచెం అరిగి చివరికి పోతుంది. కొత్తదని చెప్పి అమ్మే కత్తికి ఉబుబా లేకపోతే, ఎన్నిసార్లు సాన పట్టారో తెలుసుకోవాలి.

పేరు ఉన్న వైపు

కత్తి మొన పైకి, వాదర మీ ఎడమకు వచ్చేలా పట్టుకోండి. కతానా అనే రకం కత్తి అయితే ఇప్పుడు మీకు ఎదురుగా ఉన్న వైపే కమ్మరి పేరు ఉంటుంది. ఎందుకంటే కతానాను వాదర పైకి ఉండేలా నడుముకు దోపుకుంటారు, అప్పుడు బయటికి కనిపించేది ఆ వైపు. తాచి అనే పాత తరహా కత్తిని వాదర కిందికి ఉండేలా వేలాడదీస్తారు, దానికి పేరు రెండో వైపు వస్తుంది. కొత్త కమ్మరులు రెండు రకాలూ చేస్తారు కాబట్టి ఈ చిన్న పరీక్షతో ఏది ఏదో తెలిసిపోతుంది.

పేరుకు ముందు చాలాసార్లు ఊరు పేరు, 'అక్కడ ఉండే' అని చెప్పే 'జూ' అనే అక్షరం ఉంటాయి. చివర 'చేశాను' అనే అర్థంలో 'సాకు' ఉండొచ్చు. ఆర్డర్ ఇచ్చి చేయించుకున్న కత్తి అయితే ఎవరి కోసం చేశారో ఆ పేరు కూడా చెక్కుతారు. మీ పేరు చెక్కించుకునే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి. మీ తర్వాత కత్తి ఎవరి చేతికి వెళ్లినా ఆ పేరు దాని మీదే ఉంటుంది.

తేదీ చదవడం

ఈ పాఠంలో నిజంగా సాధన చేయాల్సింది ఇదే. కత్తిని వెనక్కి తిప్పండి. పై నుంచి కిందికి యుగం పేరు, సంవత్సరం అంకె, నెల ఉంటాయి.

అంకెలు సులువు. ఒకటికి ఒక అడ్డగీత, రెండుకు రెండు, మూడుకు మూడు. పదికి కూడిక గుర్తు. నలభై ఆరు రాయాలంటే నాలుగు, పది, ఆరు అని వరుసగా రాస్తారు. 'నెల' అక్షరం రెండు మెట్లున్న నిచ్చెనలా ఉంటుంది. 'రోజు' అక్షరం మధ్యలో అడ్డగీత ఉన్న పెట్టె.

ఇక యుగాలు. ఇప్పటి కత్తుల మీద మూడే కనిపిస్తాయి: షోవా, హేసే, రేవా. షోవా, రేవా రెండింటికీ రెండో అక్షరం ఒకటే, ఎడమ పక్క వరి వెన్ను, కుడి పక్క చిన్న పెట్టె. మొదటి అక్షరంలో ఎడమ పక్క ఇందాకటి 'రోజు' పెట్టె ఉంటే షోవా, పైన ఇంటి కప్పులా వాలు గీతలుంటే రేవా. ఈ రెండూ కాకపోతే హేసే. షోవా అంకెకు 1925, హేసేకు 1988, రేవాకు 2018 కలిపితే మన లెక్కలో సంవత్సరం వస్తుంది. యుగంలో మొదటి ఏడాదికి మాత్రం ఒకటి అని రాయరు, 'గన్' అనే వేరే అక్షరం పెడతారు. అంటే రేవా గన్ అంటే 2019.

కొందరు కమ్మరులు అంకెకు బదులు అరవై ఏళ్ల చక్రంలోని పేరు చెక్కుతారు. మన ప్రభవ, విభవ లాంటి లెక్కే. మన చక్రం 1987లో మొదలైతే వాళ్లది 1984లో మొదలైంది.

నెల దగ్గర ఒక విశేషం ఉంది. చాలా కత్తుల మీద రెండో నెల గానీ ఎనిమిదో నెల గానీ ఉంటుంది. ఎర్రగా కాలిన కత్తిని ముంచడానికి ఆ నెలల్లోనే నీళ్ల చలువ సరిగ్గా ఉంటుందని పాత నమ్మకం. కత్తి నిజంగా పూర్తయింది ఏ నెలలోనో దాన్ని బట్టి చెప్పలేం. సంవత్సరాన్నే లెక్కలోకి తీసుకోండి.

ముద్ర కనిపిస్తే

1945కు ముందు, యుద్ధకాలంలో తయారైన కత్తుల నకాగో మీద చిన్న ముద్ర ఉండొచ్చు. సెకి ఊరి ముద్ర గానీ, షోవా యుగం ముద్ర గానీ కనిపిస్తే అది చాలావరకు ఫ్యాక్టరీ ఉక్కుతో, పాత పద్ధతి కాకుండా చేసినది. అప్పట్లో సైన్యం కోసమే తమహగానె అనే సంప్రదాయ ఉక్కుతో చేసిన కత్తుల మీద నక్షత్రం ముద్ర ఉంటుంది, వాటి విలువ వేరు. ఇప్పుడు మనం సేకరిస్తున్న కొత్త కత్తుల మీద ఇలాంటి యుద్ధకాలపు ముద్రలు ఉండకూడదు.

కాగితంతో సరిపోల్చడం

జపాన్‌లో ప్రతి కత్తికీ తోరోకుషో అనే రిజిస్ట్రేషన్ కార్డు ఉంటుంది. దాని మీద పొడవు, వంపు, చీల రంధ్రాలు ఎన్ని, నకాగో మీద ఏం చెక్కి ఉంది అన్నీ ఉంటాయి. పొడవును మొన నుంచి, వెన్ను వైపు హబాకి ఆనే గంటు దాకా తిన్నగా కొలవాలి, వంపు వెంట కాదు. రంధ్రాలు లెక్కపెట్టండి. అక్షరాలు ఒక్కొక్కటీ పోల్చండి. ఒక్కటి తేడా వచ్చినా ఆ కార్డు ఆ కత్తిది కాదనే అనుకోండి.

కత్తి దేశం దాటేటప్పుడు ఈ కార్డు జపాన్‌లోనే అప్పగించాలి. ఆ తర్వాత కత్తితో పాటు ప్రయాణించే సంతకం నకాగో మీదిది ఒక్కటే. ఇండియాకు తెచ్చుకోవాలనుకునేవారు ముందు ఇక్కడి ఆయుధాల చట్టం చూసుకోవాలి. 9 అంగుళాలు దాటిన కత్తి అందులోకి వస్తుంది, దిగుమతికి లైసెన్స్ అడుగుతారు. డబ్బు కట్టాక తెలుసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇన్ని చూశాక కూడా అనుమానం ఉంటే, కొత్త కత్తి సేకరించేవాళ్లకు ఒక వరం ఉంది: చేసినవారు చాలాసార్లు బతికే ఉంటారు. వాళ్లు లైసెన్స్ ఉన్న కమ్మరి దగ్గర కనీసం 5 ఏళ్లు శిష్యరికం చేసి, సాంస్కృతిక వ్యవహారాల శాఖ అనుమతి పొందినవాళ్లు. 60 సెంటీమీటర్లు దాటిన పొడవాటి కత్తులు నెలకు రెండు మించి చేయకూడదని నిబంధన. అంటే ఏడాదంతా కష్టపడినా 24 దాటవు. నకాగో రెండు వైపులా ఫోటో తీసి, షాపు ద్వారా మర్యాదగా అడిగించండి. 700 ఏళ్ల నాటి కత్తి కొన్నవాళ్లకు ఈ అవకాశం లేదు.

ఇంటి పని

ఈ మూడు తేదీలను మన లెక్కలోకి మార్చండి: షోవా నలభై ఆరు, హేసే తొమ్మిది, రేవా మూడు. వీటిలో మొదటి తేదీ ఏడాదిలో గస్సాన్ సదైచి, రెండో తేదీ ఏడాదిలో అమాతా అకిత్సుగు, ఓసుమి తోషిహిరా అనే కత్తుల కమ్మరులు 'జాతీయ సజీవ సంపద'గా, అంటే జపాన్ ప్రభుత్వం గొప్ప కళాకారులకు ఇచ్చే గుర్తింపు పొందారు. ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద షోవా, రేవా మొదటి అక్షరాలను రోజుకు పదిసార్లు గీయండి. వారం తర్వాత ఏదైనా మ్యూజియం ఫోటోలో నకాగో కనిపిస్తే ముందు తేదీ చదవండి, పేరు తర్వాత.

5వ పాఠంలో నూనె రాయడం, ఒరలో భద్రపరచడం. దానికోసం ఉతికి ఆరబెట్టిన మెత్తని నూలు గుడ్డలు రెండు ఇప్పుడే తీసి పెట్టుకోండి.