పాత ఇంటిని నేటి ప్రమాణాలకు తీసుకురావడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లకు వేడి, వాన, గాలి మరమ్మతులు

మన రెండు జిల్లాల్లో ఇంటిని బాగు చేయించాలంటే మూడు పనులను కలిపి ఆలోచించాలి. వేసవిలో కప్పు నుంచి దిగే వేడిని తగ్గించాలి, వానాకాలంలో నీరు లోపలికి రాకుండా చూడాలి, అక్టోబరులో తుపాను వస్తే కప్పు నిలబడాలి. ఒకదాని కోసం చేసిన పని మరొకదాన్ని చెడగొట్టకూడదు. చల్లదనం కోసం రేకుల కింద థర్మోకోల్ అతికించి, తుప్పు పట్టిన కొక్కేలను అలాగే వదిలేస్తే, పెద్ద గాలి వచ్చిన రోజున రేకులతో పాటు ఆ ఖర్చంతా ఎగిరిపోతుంది. అందువల్ల ముందు నీరు, తర్వాత గాలి దెబ్బకు కట్టుదిట్టం, ఆ తర్వాతే వేడి, చివరికి గాలి వెలుతురు అనే వరుసను మార్చవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఏ ప్రమాణాలతో కొలవాలి?

కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత మొదటి భాగాన్ని విడుదల చేసింది. ఇళ్ల గోడలు, కప్పు, కిటికీలు ఎలా ఉండాలో చెప్పే ఈ నియమావళిలో మన తీర ప్రాంతం వేడి, తేమ కలిసిన మండలంలోకి వస్తుంది. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, అంతకంటే ఎక్కువ స్థలంలో కట్టే కొత్త నివాస భవనాల కోసం దీన్ని రాశారు కనుక, మూడు సెంట్ల స్థలంలోని పాత డాబాకు ఇది చట్టపరంగా వర్తించదు. అయినా అందులోని రెండు అంకెలు ఎవరింటికైనా పనికివస్తాయి. మొదటిది కప్పు యూ-విలువ, అంటే కప్పు గుండా వేడి ఎంత దాటుతుందో చెప్పే అంకె, 1.2కు మించకూడదన్నది. రెండోది తెరుచుకునే కిటికీల వైశాల్యం ఇంటి లోపలి నేల వైశాల్యంలో ఆరో వంతుకు తగ్గకూడదన్నది.

గాలి ఒత్తిడికి భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 875 మూడో భాగం ఆధారం. 1987 నాటి కూర్పు స్థానంలో 2015లో కొత్తది వచ్చింది. మన తీరానికి అది చూపే మూల గాలి వేగం, అంటే కట్టడం తట్టుకోవాల్సిన బలాన్ని లెక్కించడానికి తీసుకునే వేగం, సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు.

మొదటి అడుగు: కాలం చూసుకుని, కప్పు పరీక్షించడం

కప్పు పనికి సంక్రాంతి తర్వాతి రెండు నెలలు మంచివి. అప్పటికి తుపానుల కాలం ముగుస్తుంది, ఎండలు ఇంకా ముదరవు. పైగా హైదరాబాదు, చెన్నై, విశాఖపట్నాలకు వలస వెళ్లిన మన మేస్త్రీలు పండక్కి ఊళ్లకు వస్తారు. ఆ నగరాల్లో కొత్త రకం పనులు చేసి వచ్చిన వారి చేతిలో ఇలాంటి పని చక్కగా కుదురుతుంది.

డాబా అయితే లోపలి వైపు నుంచి శ్లాబును చూడండి. పెచ్చులు ఊడి ఇనుప కడ్డీలు బయటపడ్డాయా, తుప్పు మరకలు దిగాయా, తట్టినప్పుడు ఎక్కడైనా డొల్ల శబ్దం వస్తోందా అని గమనించండి. భావనపాడు, కళింగపట్నం, భోగాపురం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలి వల్ల ఈ నష్టం త్వరగా వస్తుంది. కడ్డీ తుప్పు తిన్న శ్లాబు మీద ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) వేస్తే జబ్బును కప్పిపుచ్చినట్టే. ఒకటి రెండు చోట్ల అయితే చెడిన కాంక్రీటు కొట్టి, కడ్డీని తుప్పు పోయేదాకా రుద్ది, పూత పూసి మళ్లీ పూడ్చాలి. కప్పంతా అలాగే ఉంటే ముందు సివిల్ ఇంజినీరుకు చూపించండి.

రెండో అడుగు: నీటిని ఆపడం

డాబా మీద నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. పది అడుగులకు అంగుళంన్నర వాలు ఉంటే నీరు నిలవదు. ఎక్కువ లీకులు పిట్టగోడ శ్లాబును కలిసే మూలలోనూ, డ్రైన్ పైపు నోటి దగ్గరా పుడతాయి కాబట్టి వాటర్ ప్రూఫింగ్ పూతను పిట్టగోడ మీదికి కనీసం అడుగు ఎత్తు వరకు ఎక్కించాలి. పూత ఆరాక పైపు నోరు మూసి, అంగుళం లోతు నీటిని ఒక రోజంతా నిలిపి, కింద చెమ్మ రాలేదని చూసిన తర్వాతే తర్వాతి పనికి డబ్బు ఇవ్వండి.

మూడో అడుగు: రేకులు, పెంకుల కప్పును బిగించడం

డాబా ఉన్నవారు ఈ భాగాన్ని వదిలేయవచ్చు. రేకుల ఇళ్లవారు మాత్రం దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోవడం, ఇళ్ల కప్పులు లేచిపోవడం ఇక్కడివారు కళ్లారా చూశారు. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి పెడుతుంది. పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న ఒక్క రేకు మీద ఆ లెక్కన అర టన్నుకు దగ్గరగా బలం పడుతుంది. కప్పు అంచుల్లోనూ మూలల్లోనూ అది ఇంకా పెరిగి, రేకును పైకి లాగుతుంది. రేకుల మీద పెట్టే రాళ్లు, ఇసుక బస్తాలు ఈ బలానికి చాలవు. పైగా ఆ రాళ్లు గాలికి లేచి పక్కింటివారి మీద పడే ప్రమాదం ఉంది.

చేయవలసినది ఇది. తుప్పు పట్టిన కొక్కెం బోల్టులన్నీ మార్చి, జింకు పూత ఉన్నవి వేయించండి. బోల్టు రేకు పల్లంలో కాక గట్టు మీద, వాషరుతో రావాలి. చూరు, కొప్పు, పక్క అంచుల్లో బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. ఇక ఇనుప పైపులు లేదా దూలాలు గోడ మీద ఊరికే కూర్చోకుండా, గోడలోని కాంక్రీటు బెల్టుకు బోల్టుతోనో ఇనుప పట్టీతోనో పట్టి ఉండాలి. రేకు ఎంత బిగించినా దూలమే లేచిపోతే ప్రయోజనం లేదు. చూరు గోడ దాటి అడుగున్నరకు మించి ముందుకు రాకూడదు. వరండా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా కట్టించండి. అప్పుడు వరండా పోయినా ఇల్లు నిలుస్తుంది. మన తీరంలోని చుట్టిళ్లు గుండ్రటి గోడలతో, కిందికి దిగిన వాలు కప్పుతో గాలిని పక్కకు జారనిచ్చేవి. కట్టినవారి తెలివికి నేటికీ గౌరవం ఇవ్వాల్సిందే.

ఆస్బెస్టాస్ రేకులకు కొత్తగా రంధ్రాలు వేయవద్దు, గీకవద్దు, కోయవద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

నాలుగో అడుగు: వేడిని తగ్గించడం

కప్పు పైనా కిందా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పేదే యూ-విలువ. ఆరంగుళాల ఉత్త కాంక్రీటు శ్లాబుకు అది 3.3 వరకు ఉంటుంది. దాని మీద ఒక అంగుళం మందం ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక) పరిస్తే ఒకటి దగ్గరకు దిగుతుంది, అంటే సంహిత కోరిన 1.2 లోపలికి వచ్చేసినట్టే. వరుస ఇలా ఉండాలి: శ్లాబు, వాటర్ ప్రూఫింగ్, బోర్డు, దాని మీద జాలీ వేసి రెండంగుళాల కాంక్రీటు, ఆపైన తెల్లని టైల్స్ లేదా చైనా మొజాయిక్ (పగిలిన టైల్ ముక్కల పరుపు). ఆ రెండంగుళాల పొర చదరపు మీటరుకు వంద కిలోలకు పైగా బరువు పెంచుతుంది కాబట్టి, పాత సున్నపు గచ్చు ఉంటే ముందు దాన్ని తీయించి, శ్లాబు మోయగలదో లేదో ఇంజినీరును అడగండి. బోర్డు మందం, సాంద్రత ఎంతో కొటేషన్‌లో రాయించుకోండి.

అంత ఖర్చు పెట్టలేనివారు తెల్లని పూతతో మొదలుపెట్టండి. కూల్ రూఫ్ పెయింట్ గానీ, బంక కలిపిన సున్నం రెండు పొరలు గానీ ఎండను తిప్పికొడతాయి. సున్నం అయితే ఏటా ఫిబ్రవరిలో మళ్లీ వేయాలి. చేతిలో కొద్ది డబ్బే ఉన్నప్పుడు ఏసీ కొనడం కంటే ముందు ఈ పూత వేయించడమే సరైనదని నా అభిప్రాయం. థర్మోకోల్‌ను మాత్రం గది లోపల కప్పుకు బయటికి కనిపించేలా అతికించవద్దు. నిప్పు తగిలితే అది వేగంగా అంటుకుంటుంది.

పడమటి గోడకు సన్‌షేడో, బీర పందిరో నీడనిస్తే చాలు. కొబ్బరి చెట్టును గోడకు దగ్గరగా నాటవద్దు.

ఐదో అడుగు: గాలి ఆడేలా చేయడం

లోపలి వైశాల్యం 600 చదరపు అడుగులు ఉన్న ఇంటిని తీసుకుందాం. ఆరో వంతు లెక్కన 100 చదరపు అడుగులు తెరుచుకోవాలి. నాలుగడుగుల చదరపు కిటికీలు ఆరు ఉంటే 96 చదరపు అడుగులు వస్తాయి కాబట్టి దాదాపు సరిపోయిందనిపిస్తుంది. అయితే ఇప్పుడు అందరూ పెట్టిస్తున్న రెండు పలకల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, కనుక లెక్కలోకి వచ్చేది 48 మాత్రమే. అవే కిటికీలు రెక్కలతో పూర్తిగా తెరుచుకునేవైతే సంహిత 90 శాతం లెక్కిస్తుంది, అంటే 86 వస్తుంది. మిగిలింది పైన వెంటిలేటర్లతో పూరించవచ్చు. కింది అంతస్తు వీధి తలుపు, పెరటి తలుపు ఈ లెక్కలో చేరవు, ఎందుకంటే రాత్రిళ్లు వాటిని మూసే ఉంచుతాం.

గాలి ఒకవైపు నుంచి వచ్చి ఎదురు వైపు నుంచి పోవాలి. అగరుబత్తి వెలిగించి గది మధ్యలో పట్టుకుంటే పొగ ఎటు పోతోందో, ఎక్కడ తచ్చాడుతోందో తెలుస్తుంది. దాన్ని బట్టి కొత్త వెంటిలేటరు స్థానం నిర్ణయించండి. ప్రతి రెక్కకూ పైనా కిందా గట్టి బోల్టులు తప్పనిసరి. తుపానులో ఒక్క కిటికీ విరిగి గాలి లోపలికి చొరబడితే, అది కప్పును లోపలి నుంచి ఎత్తుతుంది.

ఆరో అడుగు: వంటగది, స్నానాలగది, ఏసీ గది

అమెరికాలో పేద కుటుంబాల ఇళ్లకు చలి రాకుండా పగుళ్లు పూడ్చే ప్రభుత్వ పథకం 1976లో మొదలైంది. ఇళ్లు బిగుతుగా మారేకొద్దీ లోపలి గాలి చెడకుండా చూడడమూ అంతే ముఖ్యమైంది. అక్కడి ఏసీ, వెంటిలేషన్ ఇంజినీర్ల సంఘం ఆష్రే రూపొందించిన 62.2 ప్రమాణం అవసరమైనప్పుడు వేసుకునే ఎగ్జాస్ట్ ఫ్యాను వంటగదిలో నిమిషానికి 100 ఘనపుటడుగులు, స్నానాలగదిలో 50 ఘనపుటడుగులు లాగాలంటుంది. మన ఏసీ గదులు కూడా అలా మూసిన గదులే కాబట్టి ఈ జాగ్రత్త మనకూ అవసరమే. ఫ్యాను గాలి నేరుగా బయటికి పోవాలి, వరండాలోకి కాదు. ఏసీ గది తలుపులు మూసి దోమల కాయిల్ వెలిగించవద్దు. పడుకునే ముందు పది నిమిషాలు కిటికీ తెరవండి. కట్టెల పొయ్యి వాడే ఇంట్లో పొగ గొట్టం కప్పు దాటి పైకి ఉండాలి, అది కప్పును దాటే చోట వాన దిగకుండా చుట్టూ మూయించాలి.

పని పూర్తయ్యాక మొదటి పెద్ద వానకు పిట్టగోడ మూలలు, రేకుల బోల్టులు మళ్లీ చూడండి. ఏటా సెప్టెంబరు మొదటి వారంలో మేస్త్రీని పిలిచి వదులైన బోల్టులు బిగించి, డ్రైన్ పైపుల్లోని ఆకులు తీయించండి.