ఇంటిల్లిపాదికీ సరిపోయే సెకండ్ హ్యాండ్ హాట్ హ్యాచ్: సమస్య, కారణం, పరిష్కారం

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్ళినప్పుడు కారులో మనం ఒక్కరమే ఉంటాం. కొన్నాక నలుగురు ఎక్కుతారు, వాళ్ళతో పాటు పిల్లల సీటు, స్ట్రోలర్, సంచులు ఎక్కుతాయి. పికప్ చూసి ముచ్చటపడి కొన్న కారు మీద మూడో వారంలో ఇంట్లో ఫిర్యాదులు మొదలవడానికి కారణం ఇదే.

1976లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ అమ్మకానికి వచ్చిన దగ్గర్నుంచి హాట్ హ్యాచ్ అనే ఈ కార్ల సూత్రం ఒకటే: రోజూ వాడుకునే హ్యాచ్‌బ్యాక్ తీసుకుని బలమైన ఇంజిన్, గట్టి సస్పెన్షన్, మంచి బ్రేకులు బిగించడం. అంటే ఇంటి కారు లక్షణాలు వీటికి పుట్టుకతోనే ఉన్నాయి. వాటిని పోగొట్టేవి పెద్ద రిమ్ములు, పాత ఓనర్ చేయించిన మార్పులు, మనం సరిగ్గా చూసుకోకుండా తీసుకున్న వేరియంట్. అందుకే ప్రతి సమస్య దగ్గరా నేను ముందు చూసేది ఒక్కటే: దీన్ని కొన్నాక మార్చుకోగలమా? టైరు మార్చుకోవచ్చు, సైలెన్సర్ మార్చుకోవచ్చు. తలుపు పెట్టించుకోలేం.

"పిల్లల సీటు పెడితే ముందు సీట్లో కూర్చోలేకపోతున్నాం"

ఇది మార్చుకోలేని రకం. కాబట్టి కొనే ముందే తేల్చుకోవాలి.

వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటు మనం ఊహించినదానికన్నా ఎక్కువ పొడవు తింటుంది. యూరప్‌లో పిల్లల సీట్లకు ఉన్న ఐ-సైజ్ భద్రతా నిబంధన ప్రకారం బిడ్డకు కనీసం 15 నెలలు నిండేదాకా ఆ దిశలోనే కూర్చోబెట్టాలి, అంటే ఏడాదికి పైగా ముందు సీటు ముందుకు జరిగే ఉంటుంది. దానికి తోడు కొన్ని కార్లలో ముందువి వీపు లావుగా ఉండే బకెట్ సీట్లు. ఇక మూడు తలుపుల (పక్కన రెండు, డిక్కీది ఒకటి) కారైతే, నిద్రపోతున్న బిడ్డను ముందు సీటు వంచి ఆ సందులోంచి లోపల పెట్టాలి. మా పెద్దవాడు పుట్టినప్పుడు నా దగ్గర ఉన్నది అలాంటి కారే. నా భార్య నడుం నొప్పితో రోజుకు నాలుగుసార్లు ఆ సందులోకి వంగేది. కారు బాగుంది, మాకు సరిపోలేదు. ఏడాది తిరక్కుండా అమ్మేశాను.

పేరు ఒకటే అయినా తరాన్ని బట్టి తేడా ఉంటుంది. మూడో తరం రెనో మెగాన్ ఆర్‌ఎస్ మూడు తలుపులతోనే వచ్చింది, నాలుగో తరం ఐదు తలుపులతోనే వచ్చింది. హోండా సివిక్ టైప్ ఆర్‌లో 2015, 2017 మోడళ్ళకు వెనక రెండే సీట్లు, మధ్యలో బెల్టే ఉండదు. ముగ్గురు పిల్లలుంటే ఆ కారు ఎంత మంచిదైనా అక్కడితో ఆపేయాలి.

చూడడానికి వెళ్ళేటప్పుడు మీ చైల్డ్ సీటు వెంట తీసుకెళ్ళండి. అమ్మేవాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. చైల్డ్ సీటును కారుకు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సీటు మడతలో లోతుగా కూరుకుపోయాయా, క్లిక్‌మని పడుతున్నాయా చూడండి. సీటు బిగించాక దాని ముందు సీట్లో మీ ఇంట్లో పొడుగైనవాళ్ళు కూర్చోవాలి. ముందు సీట్లోనే వెనక్కి తిరిగిన చైల్డ్ సీటు పెట్టాల్సివస్తే ఆ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరిగా ఆఫ్ చేయాలి. ఆ స్విచ్ ఎక్కడుందో, పనిచేస్తోందో లేదో అప్పుడే చూసుకోండి.

"స్ట్రోలర్ పెడితే డిక్కీ నిండిపోతోంది"

కారణం చాలాసార్లు ఫోర్ వీల్ డ్రైవ్. వెనక యాక్సిల్‌కు పవర్ తీసుకెళ్ళే సామాను డిక్కీ నేల కిందే ఉంటుంది, దాంతో నేల పైకి లేస్తుంది. ఏడో తరం గోల్ఫ్ జీటీఐలో డిక్కీ 380 లీటర్లు, అదే బాడీలో గోల్ఫ్ ఆర్‌కు 343. 2016 ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో 260 మాత్రమే. మరో చివర మూడో తరం స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ ఉంది, 590 లీటర్లు. ఇద్దరు పిల్లలున్నవాళ్ళు అడిగితే నేను ముందు చెప్పేది దాని పేరే. మంచు, జారుడు రోడ్లు లేని చోట ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ కోసం డిక్కీ వదులుకోకండి.

హ్యుండాయ్ ఐ30 ఎన్‌లో ఎక్కువ పవర్ ఉన్న రకానికి వెనక సీటు వెనకాల అడ్డంగా ఒక బలమైన కడ్డీ ఉంటుంది. సీట్లు మడిచి పొడవైన సామాను తోసే అలవాటు ఉంటే అది అడ్డం వస్తుంది.

"ప్రతి గుంతకూ పిల్లలు ఎగిరిపడుతున్నారు"

ఎక్కువమంది ఇక్కడే విసిగిపోయి కారు అమ్మేస్తారు. నిజానికి సగానికి పైగా సరిచేసుకోగలిగే సమస్య ఇదే. తేలికైన కారణం నుంచి ఖరీదైనదాని వైపు వెళ్ళాలి.

మొదట గాలి. నిండా బరువుతో వెళ్ళడానికి కొట్టించిన ప్రెషర్ అలాగే ఉండిపోయిన కార్లు చాలా చూశాను. డ్రైవర్ తలుపు దగ్గరో, పెట్రోల్ మూత లోపలో ఉన్న స్టిక్కర్ చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు సరిచేయండి.

తర్వాత రిమ్ములు. 18 అంగుళాల రిమ్ముకు పట్టే 225/40 ఆర్18 టైరుకు పక్కగోడ ఎత్తు 90 మిల్లీమీటర్లు. 17 అంగుళాల రిమ్ముకు పట్టే 225/45 ఆర్17కు 101. మొత్తం టైరు వ్యాసం మాత్రం 637, 634. అంటే స్పీడోమీటర్ దాదాపు అలాగే ఉంటుంది, గుంతకూ మనకూ మధ్య ఇంకో సెంటీమీటరు రబ్బరు, గాలి వస్తాయి. ఆ ఒక్క సెంటీమీటరు వెనక సీట్లో స్పష్టంగా తెలుస్తుంది, రిమ్ము వంగిపోయే భయం కూడా తగ్గుతుంది. 2017 టైప్ ఆర్ 245/30 ఆర్20 టైర్లతో వచ్చింది. అక్కడ పక్కగోడ 74 మిల్లీమీటర్లే, అందుకే దాని ఓనర్లలో చిన్న రిమ్ములకు మారేవాళ్ళు చాలామంది. అయితే చిన్న రిమ్ము ఆ పెద్ద బ్రేకుల మీద పట్టాలి. కంపెనీ మాన్యువల్‌లో ఆ మోడల్‌కు ఒప్పుకున్న సైజులే తీసుకోండి, టైరు మోయగల బరువు చెప్పే లోడ్ ఇండెక్స్ తగ్గనివ్వకండి.

గాలి, రిమ్ములు సరిగ్గానే ఉన్నా కుదుపు తగ్గకపోతే స్ప్రింగులు చూడాలి. టైరుకూ ఫెండర్‌కూ మధ్య వేలు కూడా దూరకపోతే కారును కిందికి దించే స్ప్రింగులు వేసి ఉంటారు. ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు (మెత్తదనం మార్చుకోగలిగే షాక్ అబ్జార్బర్లు) ఉన్న కారులో కంఫర్ట్, స్పోర్ట్ మధ్య తేడా ఏమీ తెలియకపోతే అవి పాడయ్యాయి, లేదా వాటిని తీసేసి మామూలువి బిగించారు. అసలువి తిరిగి బిగించడానికి అయ్యే ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే కారు వదిలేయండి. గుంత దాటాక రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్లు అరిగాయి. టక్‌టక్‌మని చప్పుడు వస్తే సస్పెన్షన్‌లోని బుష్‌లు, లింకులు అరిగాయి. ఇవి వయసుతో వచ్చేవే, భయపడక్కర్లేదు.

"హైవే ఎక్కగానే హోరు, పాప నిద్ర లేస్తోంది"

హోరు ఎక్కడిదో చెవితోనే తెలుసుకోవచ్చు. స్థిరమైన వేగంతో వెళ్తూ గేరు మార్చండి. ఇంజిన్ తిరిగే వేగంతో పాటు చప్పుడు మారితే అది సైలెన్సర్‌ది, బహుశా మధ్యలో ఉండి హోరు తగ్గించే రెజొనేటర్ తీసేసి ఉంటారు. అసలు సైలెన్సర్ అమ్మేవాళ్ళ దగ్గరే ఉందేమో అడగండి, చాలామంది దాచుకుంటారు. గేరు మారినా అదే హోరు ఉంటే టైర్లో, వీల్ బేరింగో. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు స్టీరింగ్ కొద్దిగా ఎడమకు, కుడికి తిప్పి చూడండి. ఎడమకు తిప్పినప్పుడు హోరు పెరిగితే అనుమానించాల్సింది కుడివైపు బేరింగ్, ఎందుకంటే బరువు అటు పడుతుంది. ఏమీ మారకపోతే టైర్లు మెట్లుమెట్లుగా అరిగి ఉంటాయి, అరచేత్తో తడిమితే తెలిసిపోతుంది.

కొన్ని కార్లలో ఇంజిన్ చప్పుడు కృత్రిమంగా పెంచే ఏర్పాటు కంపెనీయే పెడుతుంది. అది డ్రైవ్ మోడ్ సెట్టింగుల్లో తగ్గుతుంది.

"కొన్న నెలకే మెకానిక్ దగ్గర పడింది"

ఇక్కడ టెన్షన్ పడాల్సింది ఇంజిన్ బలం గురించి కాదు, దాన్ని ఇంకా పెంచినవాళ్ళ గురించి. రీమ్యాప్ చేయించి (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించి పవర్ పెంచి), అమ్మేముందు వెనక్కి మార్చిన కారు బయటికి మామూలుగానే కనబడుతుంది. మాన్యువల్ గేర్లయితే పై గేరులో, 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ పెట్టినప్పుడు లోపాల కోడ్‌లు లేవని సంతోషపడకండి, రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయో లేదో చూడండి. అవి పూర్తి కాలేదంటే కోడ్‌లు ఈమధ్యే చెరిపేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. కొన్ని రోజులు నడిపాక మళ్ళీ చూస్తానని చెప్పండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని మార్పులుంటే క్లెయిమ్ ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వెనక్కి వచ్చేయండి. ఆ మొదటి నిమిషంలోనే చాలా తెలుస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ 2.0 టర్బో ఇంజిన్లలో సుమారు 2012కు ముందువాటికి టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బలహీనం. చల్లటి స్టార్ట్‌లో రెండు మూడు సెకన్లు గలగలమంటే దాన్ని మార్చిన బిల్లు అడగాలి. బిల్లు లేకపోతే కొనవద్దు, ఆ చైన్ జారితే ఇంజినే పోతుంది.

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గడానికి రెండు కారణాలుంటాయి, రెండింటి బరువు ఒకటి కాదు. 2016, 2017 ఫోకస్ ఆర్‌ఎస్ కార్లలో కొన్నిటికి మరో ఇంజిన్‌కు చెందిన హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య లీకు ఆపే పొర) పడింది. చల్లటి స్టార్ట్‌లో చాలాసేపు తెల్లపొగ, తగ్గుతూ పోయే కూలెంట్ దాని గుర్తులు. ఫోర్డ్ దాన్ని మార్చే కార్యక్రమం పెట్టింది కాబట్టి ఆ పని జరిగిన కాగితం చూపించమనండి. ఏడో తరం గోల్ఫ్ లాంటివాటిలో పొగ లేకుండా మెల్లగా తగ్గుతూ, బానెట్ తెరిస్తే తియ్యటి వాసన, ఎండిపోయిన గులాబీ మరక కనబడితే అది ఎక్కువసార్లు వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ లీకు. అది రిపేరుతో పోయేదే.

ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయిన ఆరు గేర్ల డీఎస్‌జీకి 60,000 కిలోమీటర్లకోసారి నూనె, ఫిల్టర్ మార్చాలి. సర్వీస్ రికార్డులో అది లేకుండా, కదిలేటప్పుడు కారు వణికితే గేర్‌బాక్స్ ఖర్చు మీ మీద పడబోతోందని లెక్క. ట్రాఫిక్‌లో ఆ కుదుపులకే వెనక కూర్చున్న పిల్లలకు వాంతులవుతాయి, మనమేమో వాళ్ళకు కారు పడదని అనుకుంటాం.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. నాలుగూ నాలుగు బ్రాండ్లయితే ఆ ఓనర్ నూనె విషయంలోనూ అలాగే చేసి ఉంటారని నా అనుభవం. ఫోర్ వీల్ డ్రైవ్ కారుకైతే ఆ తేడా డ్రైవ్ సిస్టమ్‌నే పాడుచేసే ప్రమాదం ఉంది.

ఇవన్నీ సరిపోయాక రెండో టెస్ట్ డ్రైవ్ అడగండి. ఈసారి ఇంట్లో అందరినీ ఎక్కించి, చైల్డ్ సీటు బిగించి, స్ట్రోలర్ డిక్కీలో పెట్టి, రోజూ వెళ్ళేలాంటి రోడ్డు మీద అరగంట తిరగండి. ముందు మీరు నడపండి, సగం దూరం వెళ్ళాక స్టీరింగ్ భార్యకో భర్తకో ఇచ్చి మీరు వెళ్ళి పిల్లల పక్కన వెనక సీట్లో కూర్చోండి.