స్కీల మీద ఆఫీసుకు వెళ్ళాలనుకుంటే ముందు తడి సంగతి చూసుకోండి

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో జనవరికి మంచు నిలిచిందంటే నేను బస్సు మానేసి స్కీల మీదే ఆఫీసుకు వెళ్తాను. పాలోహెయినా దగ్గర స్కీల కోసం మంచులో చేసిన దారి, అంటే ట్రాక్ ఎక్కి, ఊరి మధ్యనే ఉన్న కెస్కుస్‌పుయిస్తో అడవిలోంచి పిర్కోలా మీదుగా పాసిలా వైపు ఆరేడు కిలోమీటర్లు. ఈసారి మనవాళ్ళు కొందరు తామూ మొదలుపెడతామంటున్నారు. అందరూ అడిగే మొదటి మాట ఒకటే, మైనస్ పదిలో ఎలా తట్టుకుంటావని.

చలిని తట్టుకోవచ్చు, తడిని తట్టుకోలేం. మొదటి ఏడాది నేను కాటన్ బనీను మీద స్వెట్టరు, దానిమీద లావుపాటి జాకెట్ వేసుకుని బయల్దేరాను. పది నిమిషాల్లో ఒళ్ళంతా చెమట, రోడ్డు దాటడానికి ఆగి స్కీలు విప్పేసరికి వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది, ఆఫీసు చేరేదాకా వణుకు తగ్గలేదు. కాటన్ చెమటను పీల్చుకుంటుంది గానీ త్వరగా ఆరదు. ఒంటికి తగిలేది పల్చటి ఉన్ని బనీనే కావాలి, పైన మరో పల్చటి పొర, ఆపైన గాలి ఆపే జాకెట్ చాలు. గుమ్మం దగ్గర కాస్త చలేస్తుంటే సరిగ్గా వేసుకున్నట్టే. పొడి బనీను, మేజోళ్ళు, ఇంకో జత గ్లోవ్స్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకోండి. బూట్లు ఆఫీసులోనే ఒక జత ఉంచేసుకుంటే బరువు తగ్గుతుంది.

నన్ను నిజంగా భయపెట్టేది మైనస్ పదిహేను కాదు, ముందురోజు ప్లస్ రెండుకు కరిగి రాత్రికి మైనస్ నాలుగుకు గడ్డకట్టిన ట్రాక్. అది అద్దంలా ఉంటుంది, వాలులో దిగేటప్పుడు స్కీలు అసలు ఆగవు. అలాంటి పొద్దున టెన్షన్ పడుతూ వెళ్ళేకంటే బస్సెక్కండి, నేనూ అదే చేస్తాను. మామూలు రోజుల్లో కూడా మడమలు బయటికి తోసి, స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి వేగం తగ్గించడం ఆదివారాలు బాగా నేర్చుకున్నాకే ఆఫీసు ప్రయాణం పెట్టుకోండి. పడక తప్పదనిపిస్తే మోకాళ్ళు వంచి పక్కకి, పిరుదు మీద పడాలి. చేయి చాపితే మణికట్టు పోతుంది. వాలు మీద పైనుంచి దిగి వచ్చేవాళ్ళకు దారివ్వండి, ట్రాక్ మధ్యలో ఆగొద్దు.

నడకదారులు ట్రాక్‌ను కోసుకుంటూ పోయే చోట జారకుండా కంకర చల్లి ఉంటారు. స్కీలు దాని మీదకెక్కితే వాటి అడుగుభాగం గీసుకుపోవడమే కాదు, హఠాత్తుగా ఆగిపోయి ముందుకు బోర్లా పడతారు. బద్ధకించకుండా విప్పి, చేత్తో పట్టుకుని దాటండి.

డిసెంబరు చివర్లో సూర్యుడు తొమ్మిది దాటాక వచ్చి మూడుంబావుకే వెళ్ళిపోతాడు కాబట్టి రానూపోనూ చీకటే. ట్రాక్ పక్కన దీపాలున్నా తలకు హెడ్‌ల్యాంప్, బ్యాగుకు రిఫ్లెక్టర్ తప్పనిసరి. ఫోన్ లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచండి, బయటి జేబులో చలికి ఛార్జింగ్ ఉన్నట్టుండి పడిపోతుంది. ఇక్కడి అత్యవసర నంబరు 112కి కాల్ చేసే 112 సుఓమి యాప్ వేసుకోండి, అందులోంచి కాల్ చేస్తే మీరెక్కడున్నారో అత్యవసర కేంద్రం వాళ్ళకు తెలుస్తుంది. అడవిలో కాలు బెణికి కూర్చున్నప్పుడు అన్నీ ఒకేలాంటి చెట్లే, ఏ చెట్టు దగ్గరున్నామని చెప్తాం?

ముక్కు, బుగ్గలు, చెవులు, వేళ్ళు మొద్దుబారితే వెంటనే పట్టించుకోండి. ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం గడ్డకట్టడం మొదలైతే చర్మం తెల్లబడుతుందంటారు గానీ మన రంగుకు అది తొందరగా కనపడదు, స్పర్శ పోవడమే గుర్తు. మంచుతో రుద్దకండి, వెచ్చని అరచేయి అదిమి పెట్టండి. ఆస్తమా ఉన్నవాళ్ళు నోటికి, ముక్కుకి పల్చటి గుడ్డ కట్టుకోవాలి, డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

దగ్గరదారని గడ్డకట్టిన సముద్రం మీదకు మాత్రం కొత్తవాళ్ళు దిగొద్దు. ఒక మనిషి నడవడానికే కనీసం 5 సెంటీమీటర్ల గట్టి మంచుగడ్డ కావాలంటారు, వంతెనల కింద, నీళ్ళు కదిలే చోట అది ఎంత పల్చగా ఉందో పైకి తెలియదు.

చేరగానే ఇంటికి ఒక మెసేజ్ పెట్టండి. ఆ తర్వాత కాఫీ దగ్గరకు కాదు, ముందు బట్టలు మార్చుకోండి. తడి బనీను, గ్లోవ్స్ అక్కడే ఆరేయండి, సాయంత్రం చీకట్లో మళ్ళీ అవే వేసుకోవాలి.